డ్రాను కింది నుంచి చదివితే

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చౌరస్తా దగ్గర ‘టెన్నిస్ బాల్ టోర్నమెంట్’ అని ఫ్లెక్సీ కనిపిస్తే అది టెన్నిస్ పోటీ అని ఎవరూ అనుకోరు. అది క్రికెట్. ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి, ఎన్ని ఓవర్లు, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ దాని మీదే ఉంటాయి. ఈ పల్లెల్లో ఆ పసుపుపచ్చ బంతిని ఎరగని పిల్లలు లేరు. దానితో ఆడాల్సిన అసలు ఆట మాత్రం ఫైనల్ మర్నాడు పేపర్లో, కప్పు పట్టుకున్న ఫొటోగా ఇక్కడికి చేరుతుంది. సానియా మీర్జా పేరు అందరికీ తెలుసు. ఆమె గెలిచిన టోర్నీలో ఎంతమంది ఆడారు, వాళ్లు అక్కడిదాకా ఎట్లా వచ్చారు అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

మహిళల సింగిల్స్ టోర్నీని పైనుంచి, అంటే ఫైనల్ వైపు నుంచి చూస్తే ఇద్దరు స్టార్లు కనిపిస్తారు. కింది నుంచి, అంటే అసలు టోర్నీకి ముందు జరిగే అర్హత పోటీ (క్వాలిఫయింగ్) తొలి రౌండ్ వైపు నుంచి చూస్తే ఒక దారి కనిపిస్తుంది. రాకెట్ పట్టుకున్న కూతురున్న ఇంటికి పనికొచ్చేది ఈ రెండో చూపే. ఎందుకంటే ఈ ఆటలో అట్టడుగు మెట్టు నుంచి టైటిల్ దాకా దారి తెరిచే ఉంది. నల్గొండ నుంచి ఆ అట్టడుగు మెట్టు దాకా మాత్రం దారి సరిగ్గా లేదు. ఈ రెండు దూరాలనూ కలిపేసి మాట్లాడటం వల్లే ‘మనవాళ్లకు టెన్నిస్ కుదరదు’ అనే మాట పుట్టింది.

డ్రా అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక. దాని లెక్క నిజానికి చాలా తేలిక. గ్రాండ్‌స్లామ్‌లో, అంటే ఏడాదికి నాలుగే ఉండే అతి పెద్ద టోర్నీల్లో, 128 మంది ఉంటారు. ఒక్కో మ్యాచ్‌తో ఒక్కరు ఇంటికి పోతారు కాబట్టి, చివరికి ఒక్కరు మిగలాలంటే 127 మ్యాచ్‌లు జరగాలి. విజేత ఆడేది 7. చిన్న టోర్నీల్లో 32 మంది, 5 రౌండ్లు. సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ పోటీలు పెట్టినప్పుడు జట్ల పేర్లు చిట్టీల మీద రాసి, డబ్బాలో వేసి, అక్కడున్న చిన్న పిల్లాడితో తీయించడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఆ చిట్టీలతో ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. పోయినేడు ఫైనల్ ఆడిన రెండు జట్లు మొదటి మ్యాచ్‌లోనే తగిలితే పొద్దున్నే అసలు ఆట అయిపోతుంది, సాయంత్రం దాకా జనం ఆగరు.

టెన్నిస్‌లో ఈ చిక్కుకు మందు సీడింగ్, అంటే పై ర్యాంకులవాళ్లను డ్రాలో ముందే దూరదూరంగా ఉంచడం. టాప్ సీడ్ పేరు డ్రాలో మొట్టమొదటి గీత మీద, రెండో సీడ్ పేరు చిట్టచివరి గీత మీద ఉంటాయి. ఈ ఇద్దరూ కలిస్తే ఫైనల్లోనే కలవాలి. మూడు, నాలుగు సీడ్లలో ఎవరు ఏ సగంలోకి వెళ్లాలో చిట్టీ తేలుస్తుంది. 128 మంది డ్రాలో 32 మంది సీడ్లు. మూడో రౌండ్ దాకా ఒక సీడ్‌కు ఇంకో సీడ్ ఎదురుపడరు. 2001 వింబుల్డన్‌కు ముందు సీడ్లు 16 మందే ఉండేవాళ్లు. సీడ్లు కానివాళ్లందరి పేర్లూ చిట్టీల్లోకే.

దీనివల్ల ఒక విచిత్రమైన అంచు తయారవుతుంది. 32వ సీడ్‌గా ఉన్న అమ్మాయికి నంబర్ వన్ క్రీడాకారిణి మూడో రౌండ్ కంటే ముందు తగిలే ప్రమాదం లేదు. ఆమె కంటే ఒక్క ర్యాంకు తక్కువై సీడింగ్ తప్పిపోయిన అమ్మాయికి తొలి మ్యాచే నంబర్ వన్‌తో పడొచ్చు. తొలి రౌండ్లో ఓడితే 10 ర్యాంకింగ్ పాయింట్లు, ఒక్క మ్యాచ్ గెలిస్తే 70, రెండు గెలిస్తే 130. ఇద్దరి ఆటలో తేడా ఏమీ లేకపోయినా, ఒక్క ర్యాంకు తేడాతో తర్వాతి ఆరు నెలల ప్రయాణమే మారిపోతుంది. పైన ఉన్నవాళ్లను పైనే ఉంచే గుణం సీడింగ్‌లో ఉంది. అది లేకపోతే రెండో వారం మ్యాచ్‌లు చప్పబడతాయి, అదీ నిజమే.

ఇప్పుడు ఈ 128 మంది ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. 104 మంది ర్యాంకింగ్‌తో నేరుగా వస్తారు. కొన్ని వారాల ముందు ఒక తేదీ పెట్టి, ఆ రోజున ఉన్న ర్యాంకుల ప్రకారం జాబితా తయారుచేస్తారు. ఆ తేదీ తర్వాత ఎంత గొప్పగా ఆడినా ఈ టోర్నీకి పనికిరాదు. ఇంకో 8 మంది వైల్డ్ కార్డుతో వస్తారు. అంటే నిర్వాహకులు తమ ఇష్టం మేరకు ఇచ్చే చోటు. మిగిలిన 16 మంది క్వాలిఫయింగ్ గెలిచి వస్తారు. అక్కడ మళ్లీ 128 మంది ఆడతారు, మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిచినవాళ్లే లోపలికి.

ఈ మూడు తలుపుల్లో వైల్డ్ కార్డు తలుపు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఊరు, దేశం అనేవి ఆటలోకి వచ్చేది ఇక్కడే. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, అమెరికా టెన్నిస్ సంఘాలు తమ వైల్డ్ కార్డుల్లో ఎక్కువ భాగం తమ అమ్మాయిలకే ఇచ్చుకుంటాయి. పైగా ఒకరి టోర్నీలో ఒకరికి చోటు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2025 ఫ్రెంచ్ ఓపెన్‌లో లోయిస్ బోయిసాన్ ర్యాంకు 361. ఫ్రాన్స్ అమ్మాయి కాబట్టి వైల్డ్ కార్డు దొరికింది, సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆమె ప్రతిభను తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ అదే ర్యాంకుతో అదే ఆట ఉన్న అమ్మాయి గ్రాండ్‌స్లామ్ జరగని దేశంలో పుట్టి ఉంటే ఆ వారం ఎక్కడో ఒక చిన్న టోర్నీలో, గ్యాలరీలో పది మంది కూడా లేనిచోట ఆడుతూ ఉండేది.

సానియా కథలోనూ ఈ తలుపు ఉంది. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆమెకు వైల్డ్ కార్డు దొరికింది. రెండు రౌండ్లు గెలిచి, మూడో రౌండ్లో సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఆ టైటిల్ సెరెనాదే. అది జరిగిన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, హైదరాబాద్ ఓపెన్. ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొందారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ నెగ్గిన తొలి భారత మహిళ అయింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్, ఏడాది చివరికి 31వ ర్యాంకు, 2007లో 27వ ర్యాంకు. సింగిల్స్‌లో ఆమె చేరిన అత్యుత్తమ స్థానం అదే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. హైదరాబాద్ ఓపెన్ అప్పటి డబ్ల్యూటీఏ లెక్కల్లో నాలుగో అంచె టోర్నీ. పెద్ద స్టార్లు వచ్చేది కాదు. 2003లో టామరిన్ తనసుగర్న్, 2004లో నికోల్ ప్రాట్, 2005లో సానియా గెలిచారు. ఆ తర్వాత టోర్నీ బెంగళూరుకు వెళ్లిపోయింది. మూడంటే మూడేళ్లు. ఆ మూడేళ్లలో సొంతూళ్లో, తెలిసిన ఎండలో, విమానం టికెట్ ఖర్చు లేకుండా అంతర్జాతీయ స్థాయి మ్యాచ్‌లు ఆడే వీలు ఒక హైదరాబాద్ అమ్మాయికి దొరికింది. దాన్ని ఆమె వదులుకోలేదు. చిన్న టోర్నీ దగ్గర్లో ఉండటం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

క్వాలిఫయింగ్ తలుపు గురించి చెప్పాలంటే 2021 యూఎస్ ఓపెన్ చెప్పాలి. ఎమ్మా రదుకాను ర్యాంకు అప్పుడు 150. క్వాలిఫయింగ్‌లో 3, మెయిన్ డ్రాలో 7, మొత్తం 10 మ్యాచ్‌లు, 20 సెట్లు. ఒక్క సెట్ కూడా ఓడలేదు. ఫైనల్లో లేలా ఫెర్నాండెజ్‌పై 6-4, 6-3. క్వాలిఫయర్‌గా వచ్చి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవడం, ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ, అదే మొదటిసారి.

ఓడినా తెరుచుకునే నాలుగో తలుపు ఒకటుంది, దాన్ని లక్కీ లూజర్ అంటారు. 2019 అక్టోబర్, ఆస్ట్రియాలోని లింజ్. 15 ఏళ్ల కోకో గాఫ్ క్వాలిఫయింగ్ చివరి రౌండ్లో ఓడింది. మామూలుగా అయితే బ్యాగు సర్దుకుని తర్వాతి ఊరికి పోవాలి. మెయిన్ డ్రాలో ఉన్న మరియా సక్కారి గాయంతో తప్పుకోవడంతో ఆ ఖాళీ గీత మీద గాఫ్ పేరు రాశారు. ఆమె క్వార్టర్స్‌లో టాప్ సీడ్ కికీ బెర్టెన్స్‌ను ఓడించింది, ఫైనల్లో యెలెనా ఓస్తాపెంకోను 6-3, 1-6, 6-2తో ఓడించింది. క్వాలిఫయింగ్‌లో ఓడిన అమ్మాయి వారం చివర కప్పు ఎత్తింది. అంతకు ముందు ఏడాది మాస్కోలో ఓల్గా డానిలోవిచ్ కూడా లక్కీ లూజర్‌గానే టైటిల్ గెలిచింది. అందుకే ఓడిన అమ్మాయిలు కొందరు వెంటనే ఊరు విడిచి వెళ్లరు. షూ లేసులు కట్టుకుని, వేళ్లకు టేపు చుట్టుకుని, ఎవరైనా తప్పుకుంటారేమోనని రిఫరీ ఆఫీసు దగ్గరే కూర్చుని ఉంటారు. ఆ ఎదురుచూపు కూడా ఆటలో భాగమే.

ఇవన్నీ పై అంచె కబుర్లు. ఇక్కడి అమ్మాయి మొదట ఎదుర్కోవాల్సింది డబ్ల్యూ15 అనే టోర్నీని. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే మెట్లలో ఇది అట్టడుగుది. దానిపైన డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100. ఆ పైన డబ్ల్యూటీఏ 125, 250, 500, 1000. వీటన్నిటి మీద నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. 2024 నుంచి ఈ పేర్లు గుర్తుపెట్టుకోవడం తేలికైంది: పేరులో ఉన్న అంకె ఎంతో విజేతకు అన్ని ర్యాంకింగ్ పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000.

డబ్ల్యూ15లో తొలి రౌండ్లో ఓడితే సున్నా. ఒక మ్యాచ్ గెలిస్తే 1 పాయింట్. మెయిన్ డ్రాలో అయిదుకు అయిదూ గెలిచి కప్పు ఎత్తితే 15. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో తొలి మ్యాచ్ ఓడిపోయినా 10 వస్తాయి. వారమంతా గెలిచినదానికి, అక్కడ ఒక్కరోజు ఓడినదానికి మధ్య తేడా అయిదు పాయింట్లే.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. 2025 యూఎస్ ఓపెన్‌లో తొలి రౌండ్లో ఓడిన అమ్మాయికి 1,10,000 డాలర్లు వచ్చాయి. మన లెక్కలో కోటి రూపాయలకు దగ్గర. డబ్ల్యూ15లో తొలి రౌండ్లో ఓడితే వచ్చేది సుమారు 150 డాలర్లు, పన్నెండు పదమూడు వేల రూపాయలు. టైటిల్ గెలిస్తే 2,350 డాలర్ల చిల్లర, రెండు లక్షలు. క్వాలిఫయింగ్‌లో ఓడితే పైసా రాదు. హోటలు, రైలో విమానమో టికెట్టు, తిండి, రాకెట్ తీగలు, వెంట వచ్చిన నాన్న ఖర్చు, ఇవన్నీ ఆ పన్నెండు వేలలోంచే తీయాలి.

నల్గొండ పాఠకుడికి దీన్ని అర్థం చేయించడానికి పెద్ద ఉపమానం అక్కర్లేదు, సాగర్ ఎడమ కాలువ చాలు. కాలువ మొదట్లో ఉన్న పొలానికి తూము ఎత్తగానే నీళ్లు. చివరి భూములకు వారబందీ వచ్చేసరికి పారేది తడి మాత్రమే, ఒక్కో పంటకు అదీ ఉండదు. ఆ రైతు పంట బాగా రాలేదంటే అతనికి వ్యవసాయం రాదని కాదు. టెన్నిస్ డబ్బు కూడా ఇట్లాగే పారుతోంది. నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల దగ్గర చెరువు నిండి మత్తడి దూకుతుంటుంది, డబ్ల్యూ15 దగ్గర నేల నెర్రెలిస్తుంది. మహిళల విజేతలకు పురుషులతో సమానంగా ప్రైజ్ మనీ ఇవ్వాలన్న పోరాటం 1973లో యూఎస్ ఓపెన్‌లో గెలిచి, వింబుల్డన్‌లో 2007కు గానీ పూర్తి కాలేదు. అది గొప్ప విజయం. కానీ అది పై మెట్టు మీద ఆడ, మగ మధ్య సమానత్వం. పై మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య ఉన్న దూరం అలాగే ఉండిపోయింది.

పైగా ఈ పాయింట్లు నిలవ ఉండవు. 52 వారాలు గడిస్తే పోయినేడు ఇదే వారంలో వచ్చినవి రాలిపోతాయి. ఏడాదిలో ఆడినవాటిలో మంచి 18 ఫలితాలనే లెక్కలోకి తీసుకుంటారు. నిరుటి వడ్లు చూపించి ఈ ఏడు అప్పు పుట్టించలేనట్టే, నిరుటి గెలుపు చూపించి ఈ ఏడు చోటు అడగడానికి ఉండదు. మోకాలి గాయంతో నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు దానంతట అదే జారుతుంది. దీర్ఘకాలం గాయపడ్డవాళ్లకూ, బిడ్డ పుట్టాక తిరిగి వచ్చేవాళ్లకూ పాత ర్యాంకుతో కొన్ని టోర్నీలు ఆడే వీలు ఉంది. అది మంచి నియమం. అయితే చూపించడానికి మంచి పాత ర్యాంకు ఉన్నవాళ్లకే అది అక్కరకు వస్తుంది.

ఇంత వంకర ఉన్నా కింది నుంచి పైకి ఎక్కడం అసాధ్యం కాదని చెప్పే మనిషి 2025లోనే మన పక్కకు వచ్చి వెళ్లింది. ఇండోనేషియా అమ్మాయి జానిస్ ట్జెన్. వాళ్ల దేశంలోనూ గ్రాండ్‌స్లామ్ లేదు. అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడి, 2024లో చదువు ముగించుకుని ప్రొఫెషనల్ టోర్నీల్లోకి పూర్తిగా దిగింది. చిన్న టోర్నీలు ఒక్కొక్కటే గెలుచుకుంటూ 2025 యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాకా వచ్చింది. మూడు మ్యాచ్‌లు గెలిచి లోపలికి వెళ్లి, తొలి రౌండ్లోనే సీడెడ్ క్రీడాకారిణి వెరోనికా కుదెర్మెతోవాను మూడు సెట్లలో ఓడించింది. రెండో రౌండ్లో ఆమెను ఆపింది ఎవరో కాదు, రదుకానునే. ఆ తర్వాత నవంబర్ మొదట్లో చెన్నై ఓపెన్, డబ్ల్యూటీఏ 250. ఫైనల్లో కింబర్లీ బిరెల్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయింది. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరే చెన్నైలో ఇదంతా జరిగింది. అమెరికా కాలేజీ దారి మన వాళ్లకూ తెలియంది కాదు. దేశాల మహిళా జట్లు పోటీపడే బిల్లీ జీన్ కింగ్ కప్‌ను భారత్ తరఫున ఆడిన సహజ యమలపల్లి కూడా అక్కడ యూనివర్సిటీ టెన్నిస్ ఆడి వచ్చిన అమ్మాయే.

ఇక కోర్టులో జరిగేదాని సంగతి. ఆడవాళ్ల సింగిల్స్ మూడు సెట్లలో రెండు గెలిచినవాళ్లది. పురుషుల ఆటతో పోలిస్తే ఇక్కడ సర్వ్ నిలబెట్టుకోవడం కష్టం, రిటర్న్‌కు బలం ఎక్కువ, బ్రేక్‌లు (ఎదుటివాళ్ల సర్వ్ మీద గేము గెలవడం) ఎక్కువ. 5-2తో ముందున్న అమ్మాయి కూడా కుదురుగా ఊపిరి తీసుకోలేదు. అనుకోని ఫలితాలు ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. 2016 నుంచి 2025 దాకా జరిగిన 9 వింబుల్డన్‌లలో 9 మంది వేర్వేరు అమ్మాయిలు గెలిచారు. 2023లో గెలిచిన మార్కెటా వొండ్రుసోవాకు సీడింగే లేదు. దీన్ని చూసి ‘మహిళల టెన్నిస్‌లో నిలకడ లేదు’ అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. అదే కాలంలో ఫ్రెంచ్ ఓపెన్ ఎర్రమట్టి మీద ఇగా స్వియాటెక్ నాలుగుసార్లు గెలిచింది. వింబుల్డన్ జరిగే పచ్చిక మీద ఏడాదికి కొద్ది వారాలే ఆట ఉంటుంది, అలవాటు పడేలోపే సీజన్ అయిపోతుంది. మట్టి మీద ఓపికకూ కాళ్లకూ పని ఎక్కువ, అక్కడ మెరుగైన ఆట మళ్లీ మళ్లీ గెలుస్తుంది. నేలను బట్టి పంట.

నేల మాట వచ్చింది కాబట్టి మన జిల్లా కోర్టును దగ్గరగా చూడాలి. జిల్లా కేంద్రాల్లో టెన్నిస్ కోర్టు అంటే చాలాచోట్ల క్లబ్ ఆవరణలోనో స్టేడియం మూలనో ఉండే ఎర్రమట్టి కోర్టే. సాయంత్రం నీళ్లు చల్లి, ఆరనిచ్చి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేయాలి. నాలుగు రోజులు పట్టించుకోకపోతే నల్గొండ ఎండకు పెచ్చులు లేస్తుంది. అట్లాంటి నేల మీద ఒక బంతి మోకాలి ఎత్తుకు లేస్తే దాని పక్కనే పడ్డ ఇంకో బంతి పాదం దగ్గరే పాకుతుంది. అక్కడ ఆడి పెరిగిన పిల్లకు బంతి నేలను తాకాక ఎటు పోతుందో చివరి క్షణం దాకా కనిపెట్టి కొట్టడం అలవాటవుతుంది. అది మంచి కన్ను, మంచి చేయి. కానీ మన దేశంలో పెద్ద టోర్నీలు ఎక్కువగా హార్డ్ కోర్టుల మీద, అంటే సిమెంటు లాంటి గట్టి నేల మీద జరుగుతాయి. అక్కడ బంతి తిన్నగా, వేగంగా వస్తుంది. చివరి క్షణం దాకా ఆగే అలవాటే అక్కడ ఆలస్యం అవుతుంది. బంతి వచ్చేసరికి రాకెట్ ఇంకా వెనకే ఉంటుంది.

బంతులు కూడా అంతే. పెద్ద టోర్నీల్లో మొదట 7 గేములకు, ఆ తర్వాత ప్రతి 9 గేములకూ కొత్త బంతులు తెరుస్తారు. కొత్త బంతి మీద నూగు సన్నగా అణిగి ఉంటుంది, జోరుగా దూసుకుపోతుంది. ఆడేకొద్దీ నూగు లేచి గాలిని పట్టుకుని నెమ్మదిస్తుంది. అందుకే కొత్త బంతులు వచ్చినప్పుడు ఎవరి సర్వ్ ఉందనేది క్రీడాకారిణులు లెక్కపెట్టుకుంటారు. జిల్లా కోర్టులో ఒక డబ్బాలోని మూడు బంతులు నూగంతా ఊడి బోడిగా అయ్యేదాకా వారాల తరబడి తిరుగుతాయి. ఆ తర్వాత అవి పక్క గ్రౌండ్‌లో క్రికెట్ ఆడే పిల్లలకు పోతాయి. బోడి బంతితో ఏడాదంతా ఆడిన అమ్మాయి టోర్నీలో డబ్బా మూత తీసిన చప్పుడుతో పాటే కొత్త ఆట మొదలుపెట్టాల్సి వస్తుంది.

వయసు లెక్క ఇంకా కఠినం. 14 ఏళ్లు నిండనిదే ప్రొఫెషనల్ టోర్నీ ఆడనివ్వరు. 18 వచ్చేదాకా ఏడాదికి ఇన్నే అని పరిమితి. 13 ఏళ్లకే ప్రొఫెషనల్‌గా దిగిన జెన్నిఫర్ కాప్రియాటి లాంటి పిల్లలు చిన్న వయసులోనే అలసిపోవడం చూసి 1990లలో ఈ నియమం తెచ్చారు. పిల్లల మేలు కోరి పెట్టిందే. అయితే తెలంగాణలో ఆ 14 అనే అంకె సరిగ్గా ఎక్కడ పడుతుందో చూడండి. తొమ్మిదో తరగతి. మరుసటేడు పదో తరగతి, స్టడీ అవర్స్. ఆపై ఇంటర్, హైదరాబాద్ హాస్టల్. అంతర్జాతీయ టెన్నిస్ తలుపు తెరుచుకునే సరిగ్గా అదే నెలలో ఇంట్లో రాకెట్ అటక మీదికి పోతుంది. పాలమూరు ఇళ్లలో దీనికి తోడు ‘ఎదిగిన పిల్ల ఒంటరిగా ఊళ్లు తిరగడమా’ అనే మాట. అఖిల భారత టెన్నిస్ సంఘం జూనియర్ టోర్నీలు టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ అని మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏ మెట్టు ఎక్కాలన్నా బడి ఎగ్గొట్టాలి, వెంట ఒక పెద్ద మనిషి ఉండాలి. రోజు కూలి మీద బతికే ఇంట్లో వెంట వెళ్లే ఆ మనిషి కూలి కూడా ఖర్చు కిందే లెక్క.

నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచీ దాదాపు అంతే. వారానికి రెండుసార్లు బస్సులో పోయి రావడానికి పెద్ద దూరం కాదు. అయిదు రోజులు పోయి రావడానికి మాత్రం చాలా దూరం. ఇక్కడి నుంచి ఆడాలంటే హైదరాబాద్‌లో కాపురం పెట్టాలి, లేదా ఆట మానుకోవాలి. మధ్యలో ఏదీ లేకపోవడమే అసలు లోటు.

ఆ మధ్య మెట్టుకు అంతర్జాతీయ స్టేడియం అక్కర్లేదు. జిల్లా కేంద్రంలో రెండు హార్డ్ కోర్టులు, వాటి మీద లైట్లు (ఈ ఎండల్లో మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు దాటితే ఆడలేరు), ఒక జీతం కోచ్, నెలకు సరిపడా బంతులు. వాటికి తోడు హైదరాబాద్‌లో ఏటా తప్పకుండా జరిగే రెండు మూడు డబ్ల్యూ15, డబ్ల్యూ35 టోర్నీలు. టోర్నీ దగ్గర్లో జరిగితే రెండు లాభాలు. ప్రయాణం, హోటలు ఖర్చు మిగులుతాయి. సొంత దేశపు టోర్నీ కాబట్టి వైల్డ్ కార్డులు మన చేతిలో ఉంటాయి, క్వాలిఫయింగ్‌లోకీ మన అమ్మాయిలకు చోటు దొరుకుతుంది. ఫ్రాన్స్ బోయిసాన్‌కు చేసింది మనం ఎంత చిన్న స్థాయిలోనైనా చేయొచ్చు. ఆ వైల్డ్ కార్డుల్లో ఒకటి జిల్లాల అమ్మాయిల మధ్య పోటీ పెట్టి గెలిచినవాళ్లకు ఇస్తే, అప్పుడు నల్గొండ, గద్వాల, నాగర్‌కర్నూల్ పేర్లు డ్రా చుట్టుపక్కలకైనా వస్తాయి.

అట్లా వచ్చిన అమ్మాయి ముందున్న పని ఎంతో లెక్క వేయడం కష్టం కాదు. ప్రపంచ ర్యాంకింగ్‌లో పేరు చేరాలంటే కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా మొత్తం 10 పాయింట్లు కావాలి. డబ్ల్యూ15 క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ ఉండదు. చెరో సెట్ గెలిస్తే 10 పాయింట్ల టైబ్రేక్‌తో తేల్చేస్తారు. రెండు మూడు మ్యాచ్‌లు అట్లా దాటుకుని మెయిన్ డ్రాలోకి రావాలి, అక్కడ ఒక్క మ్యాచ్ గెలవాలి. అప్పుడు 1 పాయింట్. అట్లాంటి వారాలు మూడు, ఏడాది తిరిగేలోపు.